అడిగి రాసుకున్న చరిత్ర



నా వెంట ఒక పాత పుస్తకం తెచ్చాను. అట్ట ఊడిపోతే మా నాన్నగారు గుడ్డ వేసి కుట్టించారు. సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. మొదట 1949లో అచ్చయింది. చరిత్ర పాఠం చెప్పి బతికిన మనిషిని కనుక, ఈ పూట పట్టాలు అందుకుంటున్న మీకు ఉద్యోగాల గురించి చెప్పలేను. ఈ పుస్తకం గురించి, ఇలాంటి మరికొన్ని పుస్తకాలను రాసినవాళ్ల గురించి చెబుతాను.

ప్రతాపరెడ్డి గారు పాలమూరు ప్రాంతం మనిషి. 1896లో పుట్టారు. మద్రాసులో చదివారు, న్యాయశాస్త్రం పట్టా తీసుకున్నారు. హైదరాబాదులో రెడ్డి హాస్టలు బాధ్యతలు చూస్తూ, 1926లో ‘గోలకొండ పత్రిక’ మొదలుపెట్టారు. ఆ రోజుల్లో నిజాం రాజ్యంలో తెలుగు పత్రిక నడపడం ఎంత కష్టమో ఊహించుకోండి. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. తరువాత కొన్నేళ్లకు, నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒక పండితుడు రాశారు. ప్రతాపరెడ్డి గారు వాదానికి దిగలేదు. ఊరూరికీ కబురుపెట్టి కవిత్వం తెప్పించి, 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చువేశారు. కోపం వచ్చిన మనిషి పుస్తకం వేయడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మీకూ ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు మీ ఊళ్లో ఏముందని అంటారు. అప్పుడు ఈ సంచిక గుర్తుకు తెచ్చుకోండి.

ఇక సాంఘిక చరిత్ర. మన చరిత్ర పుస్తకాల్లో రాజులు యుద్ధాలు చేస్తారు, గుళ్లు కట్టిస్తారు, చనిపోతారు. ఆ సైన్యానికి జొన్నలు పండించిన రైతు ఏం తిన్నాడు, అతని ఇల్లాలు ఏ చీర కట్టింది, వాళ్ల పిల్లలు సాయంత్రం ఏ ఆట ఆడారు? శాసనాల్లో ఇవి దొరకవు. దానం ఇచ్చినవాడి పేరూ, భూమి ఎల్లలూ ఉంటాయి. అందుకని ప్రతాపరెడ్డి గారు కావ్యాలు వెతికారు. అలంకారాల కోసం కాదు, సాక్ష్యం కోసం. పాల్కురికి సోమనాథుడు, శ్రీనాథుడు, ‘ఆముక్తమాల్యద’, ‘శుకసప్తతి’, ‘హంసవింశతి’. పద్యంలో కవి యథాలాపంగా అన్న కూర పేరు, నగ పేరు, ఆట పేరు ఏరుకుని పక్కన పెట్టుకున్నారు. ‘క్రీడాభిరామం’లో ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. పూటకూళ్ల ఇంట్లో ఒక రూకకు భోజనం చేస్తారు. పల్నాటి వీరుల కథ పాడేవాళ్లను వింటారు. పండితులు వందసార్లు చదివి ఛందస్సు చూసిన పద్యాల్లో ఆయనకు ఒక పట్టణం సాయంకాలం కనిపించింది. తూర్పు చాళుక్యుల కాలం నుంచి 1907 వరకు, దాదాపు తొమ్మిది శతాబ్దాల తెలుగువాళ్ల బతుకు అలా ఒక పుస్తకంలోకి వచ్చింది. ఆయన 1953లో కన్నుమూశారు. 1955లో తెలుగుకు వచ్చిన మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి ఈ పుస్తకానిదే. ఆయన చూడలేదు.

మల్లంపల్లి సోమశేఖరశర్మ గారి గురించి ఈ వేదిక మీద చెప్పి తీరాలి. ఆయనకు విశ్వవిద్యాలయ పట్టా లేదు. కొమర్రాజు లక్ష్మణరావు గారి విజ్ఞానసర్వస్వం పనిలో చేరి, శాసనాలు చదవడం పట్టుబట్టి నేర్చుకున్నారు. రెడ్డిరాజ్యాల మీద ఆయన ఇంగ్లీషులో రాసిన గ్రంథాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే అచ్చువేసింది. తరువాత అక్కడే పాఠం చెప్పారు. పట్టా లేని మనిషిని పిలిచి గురువు కుర్చీలో కూర్చోబెట్టింది చూశారా, విశ్వవిద్యాలయ సంప్రదాయం అంటే నాకు ముందుగా గుర్తొచ్చేది అదే. ఈ గౌను, ఈ ఊరేగింపు తరువాతివి.

1926లో మొదలైన ఆ విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి గారు 1930లో, స్వాతంత్ర్య ఉద్యమం మీద ప్రభుత్వం సాగించిన దమనానికి నిరసనగా ఆ పదవి వదులుకున్నారు. 1933లో రవీంద్రనాథ్ ఠాగూర్ వాల్తేరు వచ్చి ‘మనిషి’ అనే విషయం మీద ఉపన్యాసాలు ఇస్తే, అవి పుస్తకమయ్యాయి. హైదరాబాదులో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియాలో 1938లో విద్యార్థులు వందేమాతరం పాడారని వాళ్లను వెళ్లగొట్టారు. నాగపూర్ విశ్వవిద్యాలయం వాళ్లలో చాలామందిని చేర్చుకుని చదువు పూర్తిచేయించింది. ఒక బడి గెంటేసిన పిల్లలను ఇంకో బడి పిలిచి కూర్చోబెట్టడం కూడా సంప్రదాయమే.

ఇప్పుడు మీ సంగతి. రెండు వందల ఏళ్ల కిందట కాలిన్ మెకంజీ అనే సర్వేయరు కోసం ఏలూరుకు చెందిన కావలి బొర్రయ్య, ఆయన తమ్ముళ్లు ఊళ్లు తిరిగారు. కరణాలను, పూజారులను, ముసలివాళ్లను కూర్చోబెట్టి ఆ ఊరికి ఆ పేరు ఎందుకు వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు అని అడిగి రాసుకున్నారు. అవే కైఫీయతులు. కాగితాలు శిథిలమైపోతుంటే తరువాత బ్రౌను దొర నకళ్లు రాయించారు. కనుకనే ఎన్నో పల్లెల కథ మనకు మిగిలింది. ఆ తరువాత మీ ఊరిని ఎవరు అడిగారు? మీ తాతగారు ఏ కరువులో వలస వెళ్లారో, మీ వాడకు ఆ పేరు ఎలా వచ్చిందో, ఊళ్లో మొదట బడికి వెళ్లిన ఆడపిల్ల ఎవరో చెప్పగలవాళ్లు ఏటా కొంతమంది వెళ్లిపోతున్నారు. కరణాల రాతల్లో కొందరి ఇళ్లకే చోటు దొరికింది, కొన్ని వాడల పేర్లే లేవు. ఆ లోటు తీర్చగలిగినవాళ్లు ఆ వాడల నుంచే ఈ సభకు వచ్చి పట్టాలు అందుకుంటున్నారు.

అందుకని మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. ఉద్యోగంలో చేరేలోగా ఊరికి వెళ్లండి. అమ్మమ్మ దగ్గరో, పక్కింటి పెద్దాయన దగ్గరో ఫోను రికార్డింగు పెట్టి వారం రోజులు కూర్చోండి. చెప్పినవాళ్ల పేరు, ఊరు, తేదీ వేసి, వాళ్ల మాట వాళ్ల యాసలోనే రాయండి. ఇరవై పేజీలు చాలు. ఒక ప్రతి మీ ఊరి బడిలో ఇవ్వండి. ఇంకొకటి మన విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి పంపండి.