గడిపినామా, ఖర్చు పెట్టినామా?

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల చదువు గురించి కొంచెంసేపు మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించినారు. చదువు అంటే సముద్రం. ఇంత కొద్ది సమయంలో సముద్రం ఈదలేము గానీ, ఒక చెంబుడు నీళ్ళు తెచ్చి చూపగలము. ఆ చెంబుడు నీళ్ళు ఏమంటే, కాలం గడపడం గురించి మనం ఇంగ్లీషులో వాడే మాటలు. ఇంతమంది పెద్దలను కూర్చోబెట్టి చెప్పేంత విషయమా ఇది అని కొందరు నవ్వుకోవచ్చు. మేమూ చాలా ఏండ్లు అట్లనే అనుకున్నాము. కాదని మాకు నేర్పింది ధర్మవరం పిల్ల ఒకతె. ఆ సంగతి తరువాత మనవి చేస్తాము. ముందు తప్పులు చూద్దాం.

మన ఇండ్లలో ఉర్దూ, బజార్లో తెలుగు. ఇంగ్లీషు మాత్రం బడిలోనే. ఉర్దూలో "దో ఘంటే సే" అంటాం, "సుబహ్ సే" అని కూడా అంటాం. తెలుగులో "రెండు గంటల నుంచి", "పొద్దున్నుంచి" అంటాం. రెంటికీ ఒకటే "సే", ఒకటే "నుంచి". ఇంగ్లీషుకు వచ్చేసరికి ఆ ఒక్కటి రెండయిపోతుంది. ఎప్పుడు మొదలైందో చెబితే "సిన్స్", ఎంత కాలమో చెబితే "ఫర్". సిన్స్‌కు మొదలు కావాలి, ఫర్‌కు కొలత కావాలి.

మన ఊళ్ళనే తీసుకోండి. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడింది. 2022 ఏప్రిల్‌లో మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చినాయి. కాబట్టి మనం అనంతపురం జిల్లాలో "ఫర్ 140 ఇయర్స్" ఉన్నాము. కొత్త జిల్లాలో "సిన్స్ 2022" ఉన్నాము. పిల్లలారా, ఈ ఒక్క వాక్యం జ్ఞాపకం పెట్టుకుంటే సిన్స్, ఫర్ ఇక తారుమారు కావు.

ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. "పదేండ్ల నుంచి హిందూపురంలో ఉంటున్నాను" అని మనం వర్తమానంలో చెబుతాం. దాన్నే ఇంగ్లీషులోకి దించి "ఐ యామ్ లివింగ్ ఇన్ హిందూపూర్ సిన్స్ టెన్ ఇయర్స్" అంటాం. ఒక్క వాక్యంలో రెండు తప్పులు! "ఐ హావ్ బీన్ లివింగ్ ఇన్ హిందూపూర్ ఫర్ టెన్ ఇయర్స్" అనాలి. ఇంతగా చెబుతున్న మేము కూడా ఒక శిక్షణ తరగతిలో లేచి నిలబడి, "ఐ యామ్ టీచింగ్ సిన్స్ ఫిఫ్టీన్ ఇయర్స్" అని గట్టిగా చెప్పి కూర్చున్నవాళ్ళమే. ఎవ్వరూ దిద్దలేదు. దిద్దకపోవడం మర్యాద అనుకున్నారు కాబోలు. మర్యాద వల్ల మా తప్పు ఇంకో రెండేండ్లు బతికింది.

ఇక "స్పెండ్" అనే మాట. డబ్బుకూ ఇదే, కాలానికీ ఇదే. దీని మూలం లాటిన్ భాషలో ఉంది; తూచి ఇవ్వడం అని దాని అర్థం. హిందూపురం మార్కెట్లో బెల్లం తూచినట్టు కాలాన్ని తూచి ఇవ్వాలన్నమాట. మన ఉర్దూలో "సర్ఫ్ కర్నా" అంటే కూడా ఖర్చు పెట్టడమే. అరబ్బీ చదివినవారికి తెలుసు, "సర్ఫ్" అనేది వ్యాకరణంలో ఒక భాగం పేరు కూడా. మాటల రూపాలు ఎట్లా మారుతాయో అది నేర్పుతుంది. ఖర్చుకూ వ్యాకరణానికీ ఒకే మాట ఉండటం మాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

స్పెండ్‌కు ఉన్న వ్యాకరణం ఇది. ఎంత కాలమో చెప్పాలి, దేని మీదనో చెప్పాలి. పేరు వస్తే "ఆన్" రావాలి: "ఐ స్పెండ్ టూ అవర్స్ ఆన్ మాథ్స్." పని వస్తే "ఇంగ్" రావాలి: "ఐ స్పెండ్ టూ అవర్స్ రీడింగ్." మన పిల్లలు "ఐ స్పెండ్ టూ అవర్స్ టు రీడ్" అని రాస్తారు. చదవడానికి, పఢ్నే కే లియే, అనే అలవాటు "టు"ను లాక్కొని వస్తుంది. ఆ "టు"కు చోటు వేరే ఉంది. పని ఎంతసేపు పట్టిందో చెప్పేటప్పుడు "టేక్" వాడాలి: "ఇట్ టుక్ మీ టూ అవర్స్ టు రీడ్ ద లెసన్." ధర్మవరం వాళ్ళకు చెప్పే పని లేదు: "ఇట్ టేక్స్ మెనీ డేస్ టు వీవ్ ఎ సిల్క్ సారీ." కాలం మనం ఇస్తే స్పెండ్. పని మన దగ్గర కాలం తీసుకుంటే టేక్. ఇచ్చేదీ తీసుకునేదీ తెలిస్తే చాలు.

మూడోది "పాస్". కాలం తనంతట తాను పోతే "టైమ్ పాసెస్". చేయడానికి ఏమీ లేక కూర్చున్నప్పుడు కాలాన్ని మనం నెట్టితే "పాస్ ద టైమ్". బండి కోసం స్టేషన్లో కాచుకుంటూ ఊరికే కాలం చంపితే "కిల్ టైమ్". పనికిరాని దానికి పోగొడితే "వేస్ట్ టైమ్", మన ఉర్దూలో వక్త్ జాయా కర్నా. ఒక పిల్లవాడు సెలవుల గురించి, "మై టైమ్ పాస్డ్ అవే హ్యాపీలీ ఇన్ పెనుకొండ" అని రాసినాడు. "పాస్డ్ అవే" అంటే కాలం చేయడం! సంతోషంగా కాలం చేసిన కాలానికి జనాజా నమాజు ఎవరు చదవాలి నాయనా అని అడిగితే తరగతి అంతా నవ్వింది, వాడూ నవ్వినాడు. మళ్ళీ ఆ తప్పు చేయలేదు.

"టైమ్‌పాస్" మాత్రం ఇంగ్లీషువాళ్ళది కాదు, మనదే. మన దేశపు మాటగా ఇప్పుడు ఇంగ్లీషు నిఘంటువుల్లోకి కూడా ఎక్కింది. రైల్లో శెనక్కాయలు అమ్మేవాళ్ళు "టైమ్‌పాస్, టైమ్‌పాస్" అని అరుస్తారు. మన సీమ రైతు ఆ శెనక్కాయ కోసం వానకు మొగం వాచి, అప్పు చేసి విత్తనం కొని, నాలుగు నెలలు పొలంలోనే కాపురం ఉంటాడు. ఆయన నాలుగు నెలలు రైల్లో మనకు పది నిమిషాల టైమ్‌పాస్! తినేవాడికి టైమ్‌పాస్ కావచ్చు, పండించినవాడికి కాదు. ఒకే కాలాన్ని ఎవరు చెబుతున్నారు అనేదాన్ని బట్టి మాట మారుతుంది. ఇది ఎత్తుకున్నాము కాబట్టి, ధర్మవరం పిల్ల సంగతి చెబుతాము.

ఎండాకాలం సెలవులు అయిపోయి బడి తెరిచినారు. ఎనిమిదో తరగతికి "సెలవులు ఎట్లా గడిపినారు" అని వ్యాసం ఇచ్చినాము. ఆ పిల్ల మూడే వాక్యాలు రాసింది. "ఐ పాస్డ్ మై హాలిడేస్ ఇన్ ధర్మవరం. ఐ సింప్లీ సాట్ ఇన్ మై హౌస్. ఐ డిడ్ నథింగ్." మేము ఎర్రసిరా తీసుకొని "పాస్డ్" కొట్టివేసి "స్పెంట్" అని పెట్టినాము. వ్యాసం చాలా పొట్టిగా ఉందని పదికి మూడు మార్కులు వేసినాము. మా పని అయిపోయింది అనుకున్నాము.

కొన్నాళ్ళకు పెనుకొండలో బాబా ఫక్రుద్దీన్ దర్గా దగ్గర ఆ పిల్ల తల్లి కనబడి సలాము చేసింది. "మాస్టర్ సాబ్, మా పిల్లకు ఇంగ్లీషు వస్తుందా?" అని అడిగింది. "బెహన్, పిల్ల తెలివైనదే గానీ బద్ధకం. సెలవుల్లో ఊరికే కూర్చున్నానని తానే రాసింది" అన్నాము. ఆ తల్లి మొగం చిన్నబోయింది. "ఊరికే ఎక్కడ కూర్చుంది సాబ్! రోజూ ఫజర్ నమాజు కాగానే నా పక్కన కూర్చుని మగ్గానికి కండెలు చుట్టింది. ఈ ఏడు దాని పుస్తకాలు, బ్యాగు ఆ డబ్బుతోనే కొన్నాము" అన్నది.

మాకు నోట మాట రాలేదు. మరునాడు పిల్లను పిలిచి, "బేటీ, కండెలు చుట్టిన సంగతి ఎందుకు రాయలేదు?" అని అడిగినాము. "అది పనేం సార్? ఇంట్లో ఉండేదే కదా" అన్నది.

అప్పుడు తట్టింది మాకు. ఉర్దూలో కాలం పోవడం "గుజర్నా", బతుకు వెళ్ళదీయడం "గుజారా". తెలుగులో కూడా కాలం గడుస్తుంది, ఇల్లూ గడుస్తుంది. మన రెండు భాషల్లోనూ కాలం పోవడానికీ పొట్టపోసుకోవడానికీ మాట ఒకటే. బీదవాళ్ళ ఇండ్లలో రెండూ ఒకటే కాబట్టి మాటా ఒకటయిందేమో. ఇందులో సిగ్గుపడేది ఏమీ లేదు, ఎంతో అర్థం ఉంది. కానీ ఆ మాట ఇంగ్లీషులో "పాస్" అయ్యేసరికి ఇల్లు గడవడం మాయమైపోయింది, ఊరికే కూర్చోవడం మిగిలింది. పిల్ల రాసింది తప్పు. మేము దిద్దింది ఇంకా పెద్ద తప్పు. మాట మార్చినాము గానీ, "దేని మీద ఖర్చు పెట్టినావు" అని అడగనేలేదు. స్పెండ్ అనే మాట అడగమనేది ఆ ఒక్క ప్రశ్నే.

పిల్ల చేత మళ్ళీ రాయించినాము. "ఐ స్పెంట్ మై హాలిడేస్ వైండింగ్ సిల్క్ థ్రెడ్ ఫర్ మై మదర్స్ లూమ్. ఐ స్పెంట్ త్రీ అవర్స్ ఎవ్రీ మార్నింగ్ ఆన్ దిస్ వర్క్. విత్ దట్ మనీ వుయ్ బాట్ మై బుక్స్." ఇది సోమరి రాసే వ్యాసమా? తరగతిలో గట్టిగా చదివించినాము. అప్పుడు ఇంకో అబ్బాయి లేచి, హిందూపురంలో వాళ్ళ అబ్బాతో కలిసి చింతపండు బండి తోసినానని చెప్పినాడు. ఒకరి తరువాత ఒకరు లేచినారు. అందరూ మొదట "డిడ్ నథింగ్" రాసినవాళ్ళే!

ఇక్కడితో ఆపితే కథ బాగానే ఉంటుంది. కానీ తల్లిదండ్రులకు చెప్పవలసిన మాట ఇంకొకటి ఉన్నది. ఆ వ్యాసం పిల్ల ఇంట్లో చదివి ఉర్దూలో అర్థం చెప్పిందట. రోజుకు మూడు గంటలు, నలభై రోజులు. నూట ఇరవై గంటలు! లెక్క వినేవరకు ఆ తల్లికీ తెలియలేదు. "పిల్ల పక్కన కూర్చుంటుంది, కాలం గడుస్తుంది అనుకున్నాను సాబ్. ఇంత అయిందా!" అన్నది. బడి ఉన్న రోజుల్లో కండెలు చుట్టించడం మానేసింది. ఆదివారం మాత్రం చుట్టిస్తుంది. పూర్తిగా మానమని చెప్పడానికి మాకు నోరు రాలేదు, వాళ్ళ ఇల్లు గడవాలి. ఆ ఆదివారం చూసుకోవలసింది ఆ తల్లి ఒక్కతే కాదు, మన సంఘం కూడా. పుస్తకాల ఖర్చు మనం భరిస్తే ఆ గంటలు పిల్లకు తిరిగి వస్తాయి. పెద్దలు ఆలోచించగలరని మనవి.

పిల్లలకు ఒక హెచ్చరిక. మీరు రేపు బెంగళూరు పోతారు, హైదరాబాదు పోతారు. ఇంటర్వ్యూలో "హౌ డు యు స్పెండ్ యువర్ టైమ్?" అని అడుగుతారు. "సింప్లీ టైమ్‌పాస్ సార్" అన్నారంటే మీ అమ్మ మగ్గం, మీ అబ్బా బండి, మీ చదువు అన్నీ ఆ ఒక్క మాటలో కొట్టుకుపోతాయి. ఎదుటివాడు మీ ఇంటికి వచ్చి చూడడు. మీ వాక్యమే వాడికి మీ ఇల్లు. అట్లాగే రాత్రి పన్నెండు దాకా సెల్‌ఫోను రుద్దినవాళ్ళు "ఐ స్పెంట్ త్రీ అవర్స్ వాచింగ్ వీడియోస్" అని కూడా నిజం రాయాలి. ఈ మాట రెండు వైపులా కోస్తుంది.

చివరగా "ఆన్ టైమ్", "ఇన్ టైమ్". చెప్పిన సమయానికి జరిగితే ఆన్ టైమ్. ఆలస్యం కాకముందే అందుకుంటే ఇన్ టైమ్. మస్జిదులో అజాన్ ఆన్ టైమ్ అవుతుంది. మనం ఉజూ చేసుకొని జమాత్ నిలబడేలోపల చేరితే ఇన్ టైమ్. అజాన్ ఏనాడూ మన కోసం ఆగలేదు, పరీక్షల తేదీ కూడా ఆగదు.

మా కోరిక చిన్నది. ప్రతి ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక పిల్లలను ఒక్క వాక్యం అడగండి: ఈ రోజు ఎంతసేపు, దేని మీద? వాళ్ళు ఇంగ్లీషులో చెబితే సరే, ఉర్దూలోనో తెలుగులోనో చెప్పినా సరే, మేము బడిలో ఇంగ్లీషు చేయిస్తాము. అక్షరం రాని తల్లి కూడా ఈ ప్రశ్న అడగవచ్చు. అడిగినాక జవాబు పూర్తిగా వినండి. మేము ఆ పిల్ల దగ్గర అదొక్కటే చేయలేదు.

 కార్యదర్శిగారు ఇప్పటికే రెండుసార్లు గడియారం చూసినారు. వారి సమయం కొంత మేము తీసుకున్నాము. అది వేస్ట్ కాలేదని తలుస్తూ సెలవు తీసుకుంటున్నాము. ఖుదా హాఫిజ్.