వరి మడిలో నాచు – నివారణ
(రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



నాట్లు వేసిన పది పదిహేను దినములకు మడిలో పచ్చని జుట్టువంటి నాచు తెట్టెకట్టి తేలుట మీరందరు చూచినదే. మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ క్రింద గాని, గద్వాల వైపు జూరాల క్రింద గాని, బోరుబావుల క్రింద గాని దీని బెడద కనిపించుచునే యున్నది. గత యాసంగిలో ఒక పెద్దమనిషి నన్ను ఇట్లు అడిగినాడు: "సారూ, మందు చల్లిన కొద్దీ పాకురే పెరుగుతున్నది, వరి పెరుగుతలేదు. ఏం చెయ్యాలె?" ఆ ప్రశ్నలోనే సగము జవాబు ఉన్నది.

నాచు పెరుగుటకు నిలువ నీరు, ఎండ, నీటిలో కరిగిన ఎరువు కావలెను. పట్టణములలో గాజుతొట్టెలలో చేపలు పెంచువారికిని ఇదే అనుభవము. మేత మిగిలిన కొద్దీ, ఎండ తగిలిన కొద్దీ అద్దమునకు పాచి పట్టును. మన మడిలో నాచుకు మిక్కిలి బలమిచ్చునది భాస్వరము. నాటిన తరువాత డి.ఎ.పి.ని నీటిపై చల్లినచో వరి వేళ్లకంటె ముందు నాచే దానిని అందుకొనును.

దీనివలన నష్టము రెండు విధములు. లేత మొక్కలపై నాచు కప్పుకొని పిలకలను అణచివేయును. రెండవది కంటికి కనిపించని నష్టము. పగటివేళ నాచు నీటిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొనుటచే మధ్యాహ్నమునకు నీరు క్షారముగా మారును. అట్టి నీటిలో చల్లిన యూరియా అమ్మోనియా వాయువై గాలిలో కలిసిపోవును. మీరు పెట్టిన డబ్బు ఆవిరి యగుట ఇదే.

అయితే నాచు అంతయు శత్రువు కాదు. నీలి ఆకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిచ్చునని 1939లోనే పి.కె. డే అను శాస్త్రజ్ఞుడు నిరూపించెను. మైలుతుత్తము చల్లినచో చెడ్డ నాచుతోపాటు ఈ మిత్రుడును చచ్చును. కనుక ముందుగా ఈ పనులు చేయుడు.

1. భాస్వరపు ఎరువు మొత్తమును ఆఖరి దమ్ములోనే వేసి మట్టిలో కలియదున్నుడు. పైపాటుగా వేయకుడు.

2. నాచు కనిపించగానే దానిని దంతెతో గట్టుకు లాగి, నీరు తీసివేయుడు. చల్క నేలలో ఒక దినము, రేగడిలో రెండు మూడు దినములు ఆరిన చాలును. నేల నెర్రెలు బారనీయరాదు. చవుడు భూములలో మరల మంచి నీరు పెట్టి ఒకసారి కడిగి వదలుడు.

3. యూరియాను బురద పదునులో చల్లి, 36 నుండి 48 గంటల తరువాత పలుచగా నీరు పెట్టుడు.

ఇవి చేసినను నాచు తగ్గనప్పుడే మైలుతుత్తము వాడవలెను. ఎకరాకు 2 కిలోలు మెత్తగా పొడిచేసి, పొడి ఇసుకలో కలిపి మడియంతట సమముగా చల్లుడు. లేదా అంతే మందును గోనెసంచిలో కట్టి నీరు పారు మడవ వద్ద ఉంచుడు. క్షారము ఎక్కువగల బోరు నీటిలో మైలుతుత్తము సరిగా పనిచేయదు. పని చేయలేదని మోతాదు పెంచకుడు. రాగి నేలలో పేరుకొనిపోవును.

ఒక హెచ్చరిక. మన రెండు పాత జిల్లాలలో గొర్ల మందలు ఎక్కువ. గొర్రెకు రాగి విషము ఇతర పశువులకంటె త్వరగా ఎక్కును. మందు వేసిన మడి నీరు మందలు త్రాగకుండ చూచుకొనుడు. ఆ నీటిని చేపలున్న చెరువులోనికి వదలకుడు.

అనుమానమున్నచో కంపసాగర్, పాలెం పరిశోధనా స్థానముల వారిని అడుగుడు. మీ నేల పరీక్ష ఫలితములను వెంట తీసికొని వెళ్లుడు. ముందు నీరు, తరువాత ఎరువు సరిచేసికొనుడు. మైలుతుత్తపు సంచి విప్పుట చివరి పని.