బాలబాలికలకు వార్తాపరీక్ష నేర్పుట

(వార్షిక మహాసభ విద్యాగోష్ఠియందు చేసిన ఉపన్యాసము)



విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మేము ముప్పదియైదేండ్లు పాఠశాలలో తెలుగును సంస్కృతమును బోధించి విశ్రమించినవారము. ఇంటర్నెట్టు మేమభ్యసించిన విద్య కాదు. అయినను నేడు దానిని గూర్చియే మాటలాడ సాహసించుచున్నాము. అందుకు కారణము మా పాండిత్యము కాదు, మేము చేసిన యొక తప్పిదము. దానిని దాచక ఈ సభయెదుట నివేదించుట మా విధి.

కొంతకాలము క్రిందట మన బంధువుల వాట్సాప్ గ్రూపులో నొక ప్రకటన వచ్చెను. మన కులమందలి విద్యార్థులకు ఉపకారవేతనము లియ్యబడుననియు, ఆ సాయంకాలములోపల 1,500 రూపాయల రుసుము చెల్లింపవలయుననియు దాని సారాంశము. పైన సంఘముద్ర, క్రింద విద్యామహిమను గూర్చి యొక సంస్కృతశ్లోకము. ఆ శ్లోకమున ఛందోభంగము లేదు, వ్యాకరణదోషము లేదు. అంతమాత్రమునకే మేము మురిసిపోయి, మన పిల్లలెల్లరు దీని నుపయోగించుకొనవలయునని మా మాటను గూడ చేర్చి పలువురకు పంపితిమి. మన వసతిగృహమందలి ఇంటర్మీడియటు విద్యార్థి యొకడు అందలి లింకును తెరచి, అడిగిన అంకెలన్నియు నిచ్చెను. వాని తల్లి కుట్టుపనిచేసి కూడబెట్టిన 18,000 రూపాయలు క్షణములో మాయమయ్యెను.

ధనము పోయినదానికంటె మమ్మెక్కువ బాధించినది వేరొకటి. ఆ బాలుడు పండ్రెండు దినములు ఎవరితోడను చెప్పక తనలో తాను కుమిలెను. తుదకు సంగతి బయటపడినప్పుడు, “ముందే యేల చెప్పలేదు నాయనా?” అని యడిగితిమి. వాడు తలవంచుకొని, “రుసుమడిగినప్పుడే నాకు అనుమానము కలిగినది మాస్టరుగారూ! కాని మీరు పంపినది అబద్ధమని నేనెట్లనుకొందును?” అనెను. వానికి కలిగిన వివేకమును మా మాటయే చంపినది! ఆ సొమ్మును మేమిచ్చితిమి కాని, ఆ ప్రశ్నకు ప్రత్యుత్తర మియ్యలేకపోతిమి. ఈ ఉపన్యాసమే ఆ ప్రత్యుత్తరము.

నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని ప్రమాణములు నాలుగని చెప్పిరి. శబ్దము ప్రమాణ మగుటకు పలికినవాడు ఆప్తుడు కావలయును. ఆప్తుడనగా నెవడు? విషయమును తాను స్వయముగ నెరిగి, ఎరిగినదానిని ఎరిగినట్లు చెప్పగోరువాడు. ఈ లక్షణము ఋషికిని ఆర్యునకును మ్లేచ్ఛునకును సమానమే యని వాత్స్యాయనుడు న్యాయభాష్యమున స్పష్టపరచెను. వయస్సు, కులము, పాండిత్యము, గురుస్థానము ఆప్తలక్షణములు కావు. ఆ ప్రకటనవిషయమున మేము గురువులమే కాని ఆప్తులము కాము. ఏలయన ఆ యుపకారవేతనమును గూర్చి మాకేమియు తెలియదు. ఈ భేదమును పుస్తకమున చదివియు, ఫోను చేతికి రాగానే మరచితిమి.

పండితులు మోసపోవుట మాతోడనే ఆరంభము కాలేదు. అమెరికాయందలి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున వైన్‌బర్గ్, మెక్‌గ్రూ అనువారు 2017లో నొక పరిశోధనను ప్రకటించిరి. డాక్టరేటు గల చరిత్రకారులు 10 మంది, పత్రికలకు నిజనిర్ధారణ చేయువారు 10 మంది, విద్యార్థులు 25 మంది ఇంటర్నెట్టులోని పుటలను ఎట్లు పరీక్షింతురో వారు గమనించిరి. చరిత్రకారులును విద్యార్థులును తరచు ఆ పుటయందే నిలిచి, దాని ముద్రను గంభీరమైన రూపమును చూచి భ్రమపడిరి. నిజనిర్ధారకులో, ఆ పుటను విడిచి, దానిని గూర్చి యితరులేమనుచున్నారో వేరుచోట వెదకి, త్వరగా సత్యమును కనుగొనిరి. మేము శ్లోకమును పరీక్షించితిమి. దానిని పంపినవానిని పరీక్షింపమైతిమి.

ఇది ధనముతో పోవునది కాదు, ప్రాణముల మీదికి వచ్చునది. 2018లో పిల్లలనెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను వదంతి ఫోనుల ద్వారమున పెక్కు రాష్ట్రములలో వ్యాపించెను. ఆ జూలైలో మహారాష్ట్రమున ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామమందు అయిదుగురు నిరపరాధులను జనులు కొట్టి చంపిరి. ఆ నెలలోనే కర్ణాటకమున బీదరు జిల్లాలో, పిల్లలకు చాక్లెట్లు పంచిన పాపమునకు హైదరాబాదు యువకుడొకడు బలియయ్యెను. పిమ్మట వాట్సాప్ సంస్థవారు మన దేశమున ఒక సందేశమును ఒకమారు అయిదు చోట్లకు మించి పంపవీలులేకుండ కట్టడి చేసిరి. కాని యంత్రమునకు పెట్టిన కట్టడి మనస్సునకు పెట్టిన కట్టడి కాదు. ఆ సంవత్సరమే కేరళయందలి కన్ననూరు జిల్లాలో 150 ప్రభుత్వపాఠశాలలలో ‘సత్యమేవ జయతే’ అను పేర అబద్ధపు వార్తలను గుర్తించు పాఠములు చెప్పిరి. వారు చేసినది మనమేల చేయరాదు?

పిల్లలకు నేర్పవలసినది కొండంత లేదు. ఏ వార్త వచ్చినను మూడు ప్రశ్నలు వేసికొనవలయును: దీనిని మొదట చెప్పినవాడెవడు? వాని కెట్లు తెలిసెను? ఇతరులు దీనిని గూర్చి యేమి చెప్పుచున్నారు? చిత్రము వచ్చినచో, అది పాతదో క్రొత్తదో గూగుల్‌లో వెదకి చూచు నేర్పు ఒక గంటలో అలవడును. “వెంటనే”, “ఈ రాత్రిలోపల”, “ఎవరికిని చెప్పవద్దు” అను మాటలు కనబడినచో అచ్చట ఆగవలయును. యూపీఐలో సొమ్ము పంపుటకే పిన్ను కావలయును, పుచ్చుకొనుటకు అక్కరలేదు. ఓటీపీ ఎవరికిని చెప్పరాదు. వీడియోకాలులో నిర్బంధించు ‘డిజిటల్ అరెస్టు’ మన చట్టములలో లేదు. ఆడపిల్లల చిత్రములను చూపి బెదరించువాడే నేరస్థుడు, ఆ బాలిక కాదు. మోసము జరిగినచో ఆలస్యము చేయక 1930కు ఫోను చేయవలయును. త్వరగా తెలిపినచో సొమ్మును బ్యాంకులలో నిలుపుటకు అవకాశముండును. మన బాలుడు పండ్రెండు దినములు మౌనము వహించుటచే ఆ అవకాశము జారిపోయెను.

ఆ మౌనమునకు కారణము భయము. భయమునకు కారణము మనము. ఫోను లాగుకొందురని, తిట్టుదురని, చదువు మాన్పింతురని పిల్లలు దాచుచున్నారు. కావున ఈ మహాసభకు మూడు మనవులు చేయుచున్నాము. మొదటిది: మన వసతిగృహమందు ప్రతి ఆదివారము ఒక గంట ఈ పరీక్షాపాఠమునకు కేటాయింపుడు, దానికి తలిదండ్రులను గూడ పిలువుడు. రెండవది: మన సంఘప్రకటన యేదైనను కార్యదర్శిగారి సంతకముతోడను, విచారించుకొనుటకు ఫోనునంబరుతోడను వెలువడవలయును, విద్యార్థులనుండి రుసుమెన్నడును కోరబోమని ఈ సభలోనే ప్రకటింపుడు. మూడవది: మోసపోయి వచ్చి చెప్పిన పిల్లవానిని తిట్టబోమని ప్రతి గృహస్థుడును ప్రతిజ్ఞ చేయవలయును.

పెద్దల మాటను సందేహించుట అవినయమని మనలో కొందరనవచ్చును. మేమును అట్లే బోధించితిమి. కాని వినయముతో “ఇది మీకెట్లు తెలిసినది?” అని యడుగు శిష్యుడు గురువును గూడ తప్పిదమునుండి కాపాడును. ఇప్పుడు మేమేదైన సందేశమును పంపదలచినచో ముందుగా ఆ బాలునకే చూపుచున్నాము. మొన్న వాడొకదానిని చదివి, “ఇది వద్దు మాస్టరుగారూ” అనెను. మేము పంపలేదు. సెలవు.