రామ్‌గఢ్ శిబిరం - ఓడి వచ్చినవారి బడి



ఈ రోజు మీకు ఒక యుద్ధకాలపు శిబిరం సంగతి చెబుతాను. ఊరి పేరు రామ్‌గఢ్. ఇప్పుడు జార్ఖండ్‌లో జిల్లా కేంద్రం. ముండా, ఒరావ్, సంతాల్ ఆదివాసీలు బతికే ఛోటానాగపూర్ ప్రాంతం అది. 1940 మార్చిలో అక్కడ కాంగ్రెస్ మహాసభ జరిగింది. గాంధీజీ వచ్చారు. సభా ద్వారానికి మన బిర్సా ముండా పేరు పెట్టారు.

రెండేళ్లు తిరిగేసరికి అదే ఊరికి వేరే జనం వచ్చారు. 1942లో జపాన్ సైన్యం బర్మాను ఆక్రమించింది. అక్కడ ఓడిపోయిన చైనా సైనికుల్లో కొందరు కొండలు, అడవులు దాటి మన దేశంలోకి వచ్చారు. దారిలో ఆకలికి, జబ్బులకు ఎందరో చనిపోయారు. మిగిలినవాళ్లను రామ్‌గఢ్ చేర్చారు. అంతకుముందు ఇటలీ యుద్ధఖైదీలు ఉన్న బ్యారక్‌లే వాళ్లకు బస.

తిండి, బస, జీతం బ్రిటిష్‌వారు చూశారు. ఆయుధాలు, శిక్షణ అమెరికావారు ఇచ్చారు. పై అధికారి అమెరికా సేనాని స్టిల్‌వెల్. ఒకరి భాష ఒకరికి రాదు, దుబాసీలే ఆధారం. చైనాకు సరుకు దింపి ఖాళీగా తిరిగొచ్చే విమానాల్లో ఇంకా వేలమంది సైనికులను హిమాలయాల మీదుగా తెచ్చారు.

హాస్టల్ వార్డెన్‌ని కదా, నాకు ఒక సంగతి బాగా పట్టింది. వచ్చినవాళ్లు బక్కచిక్కి ఉన్నారు. ముందు కడుపునిండా తిండి పెట్టారు, వైద్యం చేశారు, టీకాలు వేశారు. ఫిరంగులు, ట్యాంకులు, వైర్‌లెస్ నేర్పడం ఆ బలంతోనే సాగింది. 1943 చివరికి వాళ్లే తిరిగి బర్మాలో పోరాడారు. 1944 ఆగస్టులో మిచినా పట్టణం జపాన్ చేతిలోంచి పోయింది.

అందరూ తిరిగి ఇల్లు చేరలేదు. రామ్‌గఢ్‌లో చైనా సైనికుల శ్మశానం నేటికీ ఉంది. యుద్ధం అంటే అదీ ఉంటుంది. ఇప్పుడు ఆ ఊళ్లో పంజాబ్, సిక్కు రెజిమెంట్ల శిక్షణ కేంద్రాలు ఉన్నాయి.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, పరీక్ష తప్పి ఊరికి పోయి, మళ్లీ హాస్టల్ గడప తొక్కడానికి సిగ్గుపడే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. అలాంటి తమ్ముడో, చెల్లెలో మీ గూడెంలో కనబడితే, "ఎందుకు తప్పావు?" అని నిలదీయకండి. "తిన్నావా?" అని అడగండి. తర్వాత పుస్తకం తీసి పక్కన కూర్చోండి.