రేవులో జబ్బు, శీలం మీద నింద

బిల్హార్జియా సంగతి చూడండి. ఆఫ్రికాలో మలావి, విక్టోరియా సరస్సుల ఒడ్డున చేపలు పట్టే మగవాళ్లకే కాదు, బట్టలుతికే, నీళ్లు మోసే స్త్రీలకూ ఇది సోకుతుంది. నత్తల్లోంచి నీళ్లలోకి వచ్చే పురుగుపిల్లలు చర్మం తొలుచుకుని లోపలికి పోతాయి. పెద్దవై పెట్టిన గుడ్లు యోనిలో, గర్భాశయ ముఖద్వారంలో చిక్కుకుంటే నొప్పి, రక్తస్రావం, ఒక్కోసారి సంతానలేమి. దీన్ని సుఖవ్యాధిగా పొరబడే డాక్టర్లున్నారు. (సుఖం ఎవరిదో!) ఇక ఇంట్లో శీలాన్ని శంకిస్తారు.

ప్రాజిక్వాంటెల్ మాత్రలు ఏళ్ల తరబడి ముఖ్యంగా బడుల్లోనే పంచారు. బడి మాని బిందె ఎత్తుకున్న పిల్లకు అందేదెట్లా? జబ్బు ఎక్కువున్న చోట్ల రెండేళ్లు దాటిన అందరికీ, మూడు నెలలు నిండిన గర్భిణులకు కూడా ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. మాత్రతో పాటు ఇంటి దగ్గర కుళాయి కూడా అడగాలి. మళ్లీ అదే రేవులో దిగితే మళ్లీ సోకుతుంది.