గ్యాలరీలో పదివేల ఫొటోలు.. అమ్మవి ఎన్ని?

ముందు ఒక చిన్న పని చేద్దాం. వీడియో పాజ్ చేసి మీ గ్యాలరీ ఓపెన్ చేయండి. సెల్ఫీలు ఎన్ని? బండి ఫొటోలు, బిర్యానీ ఫొటోలు ఎన్ని? ఇప్పుడు మీ అమ్మ ఒక్కతే, మంచి వెలుతురులో, నవ్వుతూ ఉన్న ఫొటో ఒక్కటి వెతకండి. దొరికిందా?

ఎందుకు అడుగుతున్నానంటే, మాది వికారాబాద్ జిల్లా దోమ. ఊళ్లో ఎవరైనా పెద్దమనిషి పోతే, దినాలు దగ్గర పడంగనే వెతుకులాట మొదలైతది. ఫ్రేము కట్టించాలె, ఫ్లెక్సీ కొట్టించాలె, ఫొటో కావాలె. కొడుకు ఫోన్, మనవడి ఫోన్ అన్నీ వెతుకుతరు. చివరికి దొరికేది ఆధార్ కార్డు ఫొటో. లేకపోతే ఎవరిదో పెళ్లి గ్రూప్ ఫొటోలో వెనక వరుసలో సగం ముఖం. దాన్నే కత్తిరించి, పెద్దగ చేసి, వెనక నీలం రంగు వేసి ఇస్తరు. డెబ్బై ఏండ్లు చేను చేసిన మనిషి గోడ మీద ఇట్ల మిగులుతడు. ఇంట్లో నాలుగు కెమెరాలున్నా సరే!

ఒకప్పుడు ఫొటో అంటే పెద్ద పని. హైదరాబాద్‌లో ఆరో నిజాం దగ్గర రాజా దీన్ దయాళ్ ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా ఉండేవారు. పరదా పాటించే ఆడవాళ్ల కోసం ఆయన 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టారు. అందులో ఫొటో తీసేది కూడా ఆడవాళ్లే. అంటే, ఇంటి ఆడవాళ్ల ముఖం కూడా గుర్తుగా ఉండాలని నూటముప్పై ఏండ్ల కిందటనే అనుకున్నారు.

ఇంకొకరు వరంగల్‌కు చెందిన భరత్ భూషణ్. 2022లో చనిపోయారు. ఆయన తెలంగాణ పల్లె ఇండ్ల గోడలు, తలుపులు, పని చేసుకునే ఆడవాళ్లు, బతుకమ్మ.. వీటినే ఏండ్ల తరబడి ఫొటోలు తీశారు. రోజూ కనిపించేదే కదా అని మనం వదిలేసేవి అవి. ఆ మట్టి గోడలు ఇప్పుడు చాలా ఊళ్లలో లేవు.

సరే, అయితే ఇంకా ఎక్కువ తీస్తే సరిపోతదా? అమెరికాలో లిండా హెంకెల్ అనే సైకాలజిస్ట్ ఒక ప్రయోగం చేసి 2014లో ప్రచురించారు. కొందరిని మ్యూజియంలో తిప్పి, కొన్ని వస్తువులను ఊరికే చూడమన్నారు, కొన్నింటిని ఫొటో తీయమన్నారు. తర్వాత అడిగితే, ఫొటో తీసినవే తక్కువ గుర్తున్నాయి! కానీ జూమ్ చేసి ఒక భాగాన్ని తీసినప్పుడు మాత్రం ఆ నష్టం కనిపించలేదు. నాకు అర్థమైంది ఏంటంటే, ఫోన్ చూస్తే సరిపోదు, మనం కూడా చూడాలి. అనంతగిరికి పోయి వంద ఫొటోలు కొట్టేకన్నా, పది నిమిషాలు కూర్చొని రెండు తీసినా నయమే.

ఇంకో సంగతి. మా ఇంట్లో తాత ఫొటో ఒక్కటే ఉంది, స్టూడియోలో దిగింది. చేతికి గడియారం ఉంటది. తాతకు గడియారం ఎక్కడిదని నాయినమ్మను అడిగితే, పకపక నవ్వి, "అది ఫొటో తీసినాయనది రా, దిగినంక ఇచ్చేసిండు" అన్నది. ఈ ముచ్చట ఫొటోలో లేదు. నాయినమ్మ నోట్లోనే ఉంది. అందుకే ఆమె మాటలు ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టిన.

మీరు కూడా ఈ వారం మూడు పనులు చేయండి. ఒకటి, ఇంట్లో పెద్దోళ్లను వాళ్లు రోజూ ఉండే చోట తీయండి. కంది చేనులో, పొయ్యి దగ్గర, నాపరాయి అరుగు మీద. రెండు, పాత ఫొటో ముందు పెట్టి, ఇదెవరు, ఇదెక్కడ అని అడిగి ఆ గొంతు రికార్డ్ చేయండి. మూడు, మంచివి ఒక పది ప్రింట్ తీయించి, వెనక పేరు, తేదీ రాయండి. ఫోన్ పగిలినా అవి ఉంటయి.

అమ్మ "నన్నెందుకు తీస్తవ్ రా, చీర కూడా మంచిగ లేదు" అంటది. ఆ చీరలోనే తీయండి. మనకు గుర్తుండేది ఆ చీరనే.

మీ ఇంటి పాత ఫొటో వెనక ఉన్న ముచ్చట కామెంట్లో రాయండి, నేను చదువుతా. మళ్లీ కలుద్దాం.