రాత్రి ధరించు మాస్కును గూర్చి
(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



బడులను గూర్చి, తెలుగు పాఠ్యపుస్తకములను గూర్చి మాటలాడుటకు అలవాటుపడిన ఈ వేదికపై గురకను గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. ఐనను హోసూరు, కృష్ణగిరి పట్టణములలోని మన కుటుంబములలో పలువురు పెద్దలకు వైద్యులు రాత్రిపూట ధరింపవలసిన మాస్కును, దానికి గాలినిచ్చు సీప్యాప్ యంత్రమును వ్రాసి ఇచ్చుచున్నారు. వారిలో కొందరు నెల తిరుగకమునుపే దానిని అటకపైకి ఎక్కించుచున్నారు. వేల రూపాయలు వ్యర్థమైనవను చింతకంటె, ఆ మనుష్యులను గూర్చిన చింతయే మాకు పెద్దది. మేమును ఈ యంత్రమును వాడుచున్న వారమే కావున నాలుగు మాటలు చెప్ప సాహసించుచున్నాము.

గురక పెట్టువాడు సుఖముగా నిద్రించుచున్నాడని మన ఇండ్లలో ఒక నమ్మకము. అన్ని గురకలు వ్యాధి కావు, నిజమే. కాని గురక నడుమ చప్పుడు నిలిచి, ఊపిరి ఆగి, పిదప ఉలికిపడి గాలి పీల్చుట స్లీప్ ఆప్నియా అను వ్యాధి లక్షణము. నిద్రలో గొంతు కండరములు సడలి దారి మూసికొనిపోవును. రక్తములో ప్రాణవాయువు తగ్గును. మెదడు అదరిపడి మనిషిని అరమెలకువకు తెచ్చును. కనీసము పది సెకనులు ఊపిరి ఆగినచో దానిని ఒకసారిగా లెక్కింతురు. గంటకు 30 సార్లు మించినచో తీవ్రమైనదిగా ఎంచుదురు. రోగికి ఇది ఏమియు తెలియదు. తెలిసినది ప్రక్కన పడుకొన్న ఇల్లాలికి మాత్రమే. కావున వైద్యుని యొద్దకు పోవునపుడు ఆమెను వెంట తీసికొనిపోవుడు.

'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' చిత్రములకు సంగీతము కూర్చిన బప్పీలహరిగారు 2022 ఫిబ్రవరి 15వ తేదీన ముంబయిలో 69 ఏండ్ల వయస్సున కాలధర్మము చెందినప్పుడు వైద్యులు చెప్పిన కారణము ఈ వ్యాధియే. రక్తపు పోటు, గుండె జబ్బు దీనితో కలసి వచ్చుట సామాన్యము. ఇంకొకటి కలదు. పగటి కునుకు కొట్టు గద్దెమీద వచ్చినచో బేరము పోవును. కృష్ణగిరి నుండి శూళగిరి మీదుగా హోసూరు వచ్చు రహదారిపై స్టీరింగు ముందర వచ్చినచో పోవునది బేరము కాదు. మనలో లారీలు నడుపువారు, నడిపించువారు ఎందరో కలరు. వారు ఈ మాట చెవిని పెట్టవలెను.

1980 ప్రాంతమునకు ముందు తీవ్రరోగులకు గొంతునకు రంధ్రము చేయుట తప్ప గట్టి చికిత్స లేకుండెను. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున కాలిన్ సలివన్ అను వైద్యుడు ముక్కు గుండా గాలిని మెల్లగా నెట్టి గొంతు మూసికొనకుండ నిలుపవచ్చునని కనుగొని, ఐదుగురు రోగుల అనుభవమును 1981లో 'లాన్సెట్' పత్రికలో ప్రకటించెను. ఆ తొలి రోగులకు మాస్కును ప్రతి రాత్రి జిగురుతో ముఖమునకు అంటించెడివారట! నేటి మెత్తని పట్టీలను చూచి విసుగుకొనువారు ఈ సంగతి ఒకసారి తలచుకొనవలెను.

ఈ యంత్రములో ఉన్నది మన గదిలోని గాలియే. దీనిని ఆక్సిజన్ సిలిండరుగా భ్రమించి, 2020, 2021 సంవత్సరముల కోవిడ్ రోజులను తలచుకొని, బంధువులు పండ్లు పట్టుకొని పరామర్శకు వచ్చుచున్నారు. పెండ్లిచూపులనాడు యంత్రమును మంచము క్రింద దాచువారును కలరు. గాలి ఒత్తిడిని నీటి సెంటీమీటర్లలో కొలుతురు. సాధారణముగా అది 4 నుండి 20 వరకు ఉండును. 10 అనగా మన చుట్టునున్న గాలి ఒత్తిడిలో సుమారు నూటికి ఒక వంతు మాత్రమే. కండ్లద్దములు పెట్టుకొన్నవానిని చూచి ఎవరైన ఏడ్తురా?

ఇక అలవాటు. తొలి రాత్రియే ఎనిమిది గంటలు ధరింతునని పంతము పట్టరాదు. మేము మొదట పగటివేళ, కుర్చీలో కూర్చుండి, గాలి లేకయే మాస్కును పట్టుకొని చూచితిమి. పిదప పట్టీలు బిగించి, గాలి పెట్టి, వార్తాపత్రిక చదువుచు అరగంట గడిపితిమి. కొన్ని దినములకు అది ముఖమునకు పాతచుట్టమైనది. అర్ధరాత్రి తెలియకయే ఊడబెరుకుట మొదటి వారములలో అందరికిని జరుగును. మెలకువ రాగానే మరల తగిలించుటయే మందు. గాలి తక్కువగా మొదలై క్రమముగా పెరుగునట్లు యంత్రములో ఏర్పాటు కలదు. అమ్మినవానిని అడిగి దానిని పెట్టించుకొనుడు. ఒత్తిడి అంకెను మాత్రము వైద్యుడు చెప్పక మార్చవద్దు.

గాలి కారుచున్నచో పట్టీలను మరింత బిగించుట మనవారి మొదటి ఉపాయము. అది ముక్కు దూలమున పుండు చేయును. మాస్కు కొలత సరియైనదా యని ముందు చూడవలెను. తలనూనె, విభూతి, క్రీము సిలికాన్ అంచును జారునట్లు చేయును. ముఖము కడిగి తుడిచి ధరింపవలెను. మన పెద్దల గుబురు మీసములును గాలికి దారి ఇచ్చును. మీసము తీయుమని చెప్పుటకు మాకు ధైర్యము చాలదు, ముక్కురంధ్రముల కడ మాత్రమే అమరు చిన్న మాస్కు కలదని చెప్పుదుము. స్త్రీల ముక్కుపుడక విషయము ఇంతకంటె సున్నితమైనది. సుమంగళులు రాత్రి తీయుటకు ఇష్టపడరు. ఆ మాట వైద్యునితో చెప్పుటకును సిగ్గుపడి మాస్కునే మానుచున్నారు. పుడకపై ఒత్తని మాస్కులు లేకపోలేదు. నోరు తెరచి అడుగుడమ్మా!

హోసూరు సముద్రమట్టమునకు దాదాపు 3000 అడుగుల ఎత్తున ఉన్నది. మార్గశిర, పుష్య మాసముల చలిలో తేమ పెట్టెనుండి వచ్చు ఆవిరి గొట్టములో నీరై ముఖమున చిమ్మును. గొట్టమునకు గుడ్డ తొడుగు వేసి, యంత్రమును మంచముకంటె తక్కువ ఎత్తున ఉంచినచో ఈ బాధ తగ్గును. కృష్ణగిరి వేసవిలో పోరు కరెంటుతో. ఇన్వర్టరు పెట్టుకొనువారు తేమపెట్టెకు విద్యుత్తు ఎక్కువ పట్టునని ఎరిగి ఉండవలెను. పెట్టెలో కాచి చల్లార్చిన నీరు, వడకట్టిన నీరు వలదు. డిస్టిల్డ్ వాటరే పోయవలెను. తిరుపతికిని, పెండ్లిండ్లకును పోవునపుడు యంత్రమును ఇంట విడువవద్దు. ఎరువు తెచ్చుకొనుట, పాతది కొనుట కూడ ఆలోచింపవలసినదే. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీవారు లోపలి నురగ పొడియగుచున్నదని లక్షలాది యంత్రములను వెనుకకు పిలిచిరి.

పరీక్షకు మనవారు చాలమంది బెంగుళూరు పోవుచున్నారు. అచట మాట కన్నడమో ఇంగ్లీషో, నివేదిక ఇంగ్లీషు, ఇచట తిరిగి వచ్చినచో మందుల షాపులో తమిళము. మన పెద్దలు అన్నిటికిని తల ఊపి వచ్చుచున్నారు. మూడు నాలుగు భాషలు బజారులో మాటలాడగలవారు సైతము ఊపిరి ఆడని సంగతిని తెలుగులో తప్ప చెప్పలేకున్నారు. ఇది మేము కండ్లార చూచుచున్నది. కావున చదువుకొన్న యువకులు ఒక్కొక్కరు ఒక్కొక్క పెద్దకు తోడు పోవుటకు పేర్లు ఇయ్యవలెను. వాడుక విధానమును తెలుగులో ఒక కాగితమున వ్రాసి సిద్ధము చేసినాము. యంత్రమును కూడ తెచ్చి ఆ బల్లపై ఉంచినాము. సభ ముగిసిన పిదప ముట్టి చూడగోరువారు, ధరించి చూడగోరువారు నిలువవచ్చును. అటకపై ఉంచినవారు వచ్చు ఆదివారము దింపుకొని రండి. పట్టీలు కూర్చొనబెట్టి చూచెదము.